కుర్చీకి కుషన్ మార్చే ముందు ఇంట్లో దీపం సంగతి చూసుకోండి

దసరా సెలవులిచ్చారంటే నా ఫోను ఖాళీగా ఉండదు. "తాతగారి టేకు కుర్చీ ఉందండీ, కుషన్ నేనే వేసుకుందామనుకుంటున్నా, ఫోమ్ ఎంత డెన్సిటీది కొనమంటారు?" కుషన్ పనిలో 22 ఏళ్లుగా ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తాను. సీటుకి 40, వీపుకి 32 చాలు. కానీ అసలు అడగాల్సిన సంగతి ఒక్కరూ అడగరు.

పోయిన వారం మా వెనక వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ముందుగదిలో చాప వేసుకుని కుర్చీ పని పెట్టుకున్నారు. ఫోమ్‌కీ చెక్కకీ సొల్యూషన్, అంటే అతికించే రబ్బరు గమ్, పూసి ఆరనిచ్చారు. గుడ్డ ఎగురుతోందని ఫ్యాను ఆపారు, దోమలొస్తాయని కిటికీలు మూశారు. సాయంత్రం ఆరు దాటింది. లోపలి గదిలో నేలమీద దేవుడి పీట. మాస్టారి భార్య అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించారు. రెండు గదుల మధ్యా తలుపు వేసే ఉంది. ఆ తలుపు కింద సందులోంచి మంట వచ్చింది. "ఢామ్మనలేదయ్యా, నీలంగా చాప పరిచినట్టు నేలంతా పాకింది" అన్నారు మాస్టారు, నేను చూడ్డానికి వెళ్తే. మోకాళ్ల కింద రెండు కాళ్లూ కాలాయి. ప్రాణభయం లేదన్నారు, అంతే చాలు.

కత్తెర జాగ్రత్త, సుత్తి జాగ్రత్త అని నేను చెప్పక్కర్లేదు. వేలి మీద ఒక్క దెబ్బ పడితే అదే నేర్పుతుంది. సొల్యూషన్ అలా నేర్పదు.

డబ్బాలో ఉన్నది రబ్బరు, దాన్ని కరిగించి ఉంచిన ద్రావకం. చాలా రకాల్లో అది టోలుయీన్, హెక్సేన్ లాంటిది. రెండువైపులా పూసి, వేలికి అంటనంతవరకు పది పదిహేను నిమిషాలు ఆగి అతికించమంటారు కదా. ఆ పది నిమిషాల్లో ఆరేది నీళ్లు కాదు. ద్రావకమంతా ఆవిరై మీ గదిలోకే వస్తుంది. టోలుయీన్ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు, నీళ్లలా నేలబారున పారుతుంది, పల్లం వెతుక్కుంటుంది, గడప దాటుతుంది. 4 డిగ్రీల చలిలోనే అంటుకోగల ఆవిరి అది. హెక్సేన్ అయితే సున్నాకి 22 డిగ్రీలు కింద కూడా. మన ఊళ్లో ఆశ్వయుజం ఎండ సంగతి చెప్పేదేముంది.

పైగా ముక్కు మోసం చేస్తుంది. కాసేపటికి వాసన అలవాటైపోయి "పోయిందిలే" అనిపిస్తుంది. బయటినుంచి వచ్చినవాళ్లు గుమ్మంలోనే మొహం చిట్లిస్తే, ఇంకా ఉన్నట్టే.

కాబట్టి ఒకటే మాట. డబ్బా మూత తీశారంటే ఆ పూట ఇంట్లో నిప్పు లేదు. వేరే గదిలో కూడా లేదు. మధ్యలో తలుపు ఉంది కదా అని లేదు.

ఏడాదంతా ఇది మామూలు జాగ్రత్త. దసరా నుంచి కార్తీకం చివరిదాకా మాత్రం ప్రాణం మీది సంగతి. ఇల్లు సర్దుకునేది అప్పుడే, పాత కుర్చీ కిందికి దించేది అప్పుడే, గడప దగ్గరా తులసికోట దగ్గరా ప్రమిదలు పెట్టేదీ అప్పుడే. వరండాలో పని చేసుకుంటున్నాం, గాలి బాగానే ఉంది అనుకుంటారు. ప్రమిద కూడా ఆ వరండాలోనే కదా ఉండేది! సొల్యూషన్ పని పొద్దున పెట్టుకోండి, డాబా మీద పెట్టుకోండి. మధ్యాహ్నం తర్వాత మూత తీయొద్దు.

ఇంకో మాట చెప్తే నా షాపువాళ్లే నవ్వుతారు. ఇంట్లో ఒక్క కుర్చీకి సొల్యూషన్ దాదాపు అక్కర్లేదు. ఫోమ్ మీద పల్చగా దూది పరిచి, గుడ్డను ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, అక్కణ్ణుంచి మూలలకి లాగుతూ పోతే ఫోమ్ ఎటూ కదలదు. మేం గమ్ వాడేది తొందర కోసం.

పాత కుషన్ విప్పేటప్పుడు కుర్చీ బోర్లించి, అడుగు గుడ్డ కోసి, కాసేపు ఎండలో వదిలేయండి. వెంటనే చెయ్యి దూర్చొద్దు. నాకు అందులో 25 పైసల బిళ్లలు దొరికాయి, జడపిన్నులు దొరికాయి, ఒకసారి తేలు కూడా. కొబ్బరిపీచు కుషన్‌లో ఎలుక కాపురం ఉంటే ముందు నీళ్లు చిలకరించి, మూతికి మాస్కు కట్టుకున్నాకే దులపండి.

స్ప్రింగుల కుర్చీ అయితే తాళ్లు ఒక్కొక్కటిగా, స్ప్రింగును అరచేత్తో అదిమిపట్టి కోయాలి. పాములా వంకర్లు తిరిగిన స్ప్రింగు క్లిప్పులోంచి ఊడితే సూటిగా మొహానికే వస్తుంది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి. చదువుకునే అద్దాలు కాదు.

రంగు వేసిన కుర్చీని పొడిగా గరుకు కాగితంతో రుద్దొద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకి 90 దాటకూడదన్న నియమం మన దగ్గర అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో. తాతల నాటి పచ్చరంగులో ఎంతుందో ఎవరికి తెలుసు? తడిపి రుద్దండి, ఆ దరిదాపుల్లోకి పిల్లల్ని రానివ్వొద్దు.

తుప్పు మేకు గుచ్చుకుంటే టీటీ ఎప్పుడు వేయించుకున్నారో లెక్క చూసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

పీకిన పిన్నులన్నీ ఒక డబ్బాలో వేయండి. పని అయ్యాక పాడైన స్పీకర్ అయస్కాంతం నేలంతా తిప్పండి. పాకే బిడ్డ ఉంటే రెండుసార్లు.

ఆఫీసు కుర్చీ కింద గొట్టం విప్పొద్దు, కొట్టొద్దు, వేడి చేయొద్దు. లోపల గ్యాస్ ఒత్తిడి మీద ఉంటుంది.

గట్టిపడిన సొల్యూషన్‌లో పెట్రోలు పోయొద్దు. పారేయండి.

థిన్నర్ కూల్‌డ్రింకు సీసాలో పోయొద్దు.

అవిసెనూనె పాలిష్ తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. తీగమీద పరిచి ఆరేయండి.

వాసన ఉండగా స్విచ్ వేయొద్దు, ఆపొద్దు. డ్రిల్లు అసలే వద్దు, లోపల నిప్పురవ్వలు మీకే కనిపిస్తాయి.

అగరొత్తి కూడా నిప్పే. దోమల చుట్ట నిప్పే. పక్కింటాయన బీడీ నిప్పే. మూత తీశారంటే ఇవేవీ లేవు.

ఫోమ్ అంటుకుంటే ఆర్పుతూ కూర్చోవద్దు. ఆ నల్లపొగలో కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ ఉంటాయి. అందర్నీ బయటికి తెచ్చి 101 కొట్టండి. కుర్చీ పోతే పోయింది.

మండుతున్న సొల్యూషన్ మీద నీళ్లు కొట్టొద్దు, మంట పరుచుకుంటుంది. డబ్బా ఎత్తుకుని పరిగెత్తొద్దు, ఒలికితే కాళ్ల మీదే.

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు. ఐసు వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు. ఆ వెంటనే 108.

మిగిలిన సొల్యూషన్ వంటింటి గట్టు కింద పెట్టొద్దు. గ్యాస్ బండ ఉండేది అక్కడే.