చెన్నైలో కూర్చునే ఆహు అకివీ దిశ సరిచూడటం

ఈస్టర్ ద్వీపంలో ఆహు అకివీ అనే రాతి వేదిక మీదున్న ఏడు మోయై విగ్రహాలు మార్చి, సెప్టెంబరు విషువత్తుల (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుల) సూర్యాస్తమయం వైపు చూస్తాయంటారు. నమ్మేముందు కొలవండి.

ఉపగ్రహ చిత్రంలో వేదిక ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు గీత గీసి, ఉత్తరం నుంచి డిగ్రీల్లో వచ్చిన దిశకు 90 కలపండి. 270కి, అంటే సరిగ్గా పడమరకు, ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది. 40 మీటర్ల గీతలో కొస ఒక్క మీటరు పక్కకు జరిగినా దాదాపు డిగ్రీన్నర తప్పుతుంది, కాబట్టి అయిదారుసార్లు గీసి సగటు తీయండి.

తర్వాత ఆకాశాన్ని ఏ తేదీకైనా చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశం 27.1 దక్షిణం, రేఖాంశం 109.4 పశ్చిమం పెట్టండి. 1500వ సంవత్సరానికి వెళ్తే మార్చి 20 అని కొట్టకండి! 1582కు ముందు అది జూలియన్ (పాత క్యాలెండరు) తేదీలే చూపిస్తుంది. అప్పటి విషువత్తు మార్చి 10, 11 తేదీల్లో పడుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

పడమట కొండ అడ్డుంటే లెక్క మారుతుంది. అక్కడ ఒక డిగ్రీ ఎత్తున్న కొండ అస్తమయాన్ని అర డిగ్రీ ఉత్తరానికి, అంటే సూర్యబింబమంత, జరుపుతుంది.

దిక్సూచి సాధనకు మెరీనా బీచ్ చాలు: మార్చి 20న సూర్యుడు దాదాపు సరిగ్గా 90 డిగ్రీల (తూర్పు) దగ్గర ఉదయిస్తాడు. అయస్కాంత దిక్పాతం, అంటే దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా, చెన్నైలో రెండు డిగ్రీల లోపే. ఆ ద్వీపంలో పది దాటుతుంది, సవరించక తప్పదు.