దసరా పూజకు కారు మెరిపిస్తున్నరా? గోరు ఆగిన గీతను రుద్దకుండ్రి

పోయిన ఆదివారం హన్మకొండల మా పక్క గల్లీ పిల్లగాడు ఒకడు దసరా బండి పూజకు కారు తయారు చేద్దామని కూసున్నడు. డోరు మీద ఎవరో తాళంచెవితో గీసిన గీత ఉన్నది. ఫోన్ల వీడియో చూసి ముందుగాల టూత్‌పేస్ట్ రుద్దిండు, పోలే. పెయింట్‌ను అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చి రుద్దిండు, పోలే. ఆఖరికి తడిపి రుద్దే గరుకు కాగితం, అదే వాటర్ పేపర్, పట్టిండు. పొద్దుగూకేసరికి గీత గీతలెక్కనే ఉన్నది, దాని చుట్టూ అరచెయ్యంత జాగల రంగు కింద ఉండే తెల్ల ప్రైమర్ పూత తేలింది. గీత మీద రంగు పూసే టచప్ పెన్నుతో అయిపోయే పనికి ఇప్పుడు డోరంత పెయింటింగ్ చేయించాలె.

షాంపూతో కడగాలె, నీడకు పెట్టుకోవాలె అనేటియి మీకు ఎరుకే. ఆటోనగర్‌ల డోర్లు, బానెట్లు రంగుకొచ్చేది మాత్రం ఎక్కువ ఈ పిల్లగాడు చేసిన పనితోనే.

కారు కడిగి ఆరినంక గీతకు అడ్డంగ గోరు మెల్లగ నడిపి చూడుండ్రి. గోరు జారిపోతే గీత క్లియర్ కోట్‌లనే, అంటే రంగు మీద ఉండే అద్దమసొంటి పై పొరలనే ఉన్నట్టు. గోరు ఆగితే లోతుకు దిగినట్టు. గోరు ఆగిన గీతను రుద్దొద్దు. కంపెనీ పెయింట్ అన్ని పొరలు కలిపినా మామూలుగ 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరుల వెయ్యో వంతు ఒక మైక్రాన్). అండ్ల క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. రుద్దితే గీత పూడదు. చుట్టున్న పెయింట్ గీత అడుగు దాకా అరిగితేనే గీత కనబడకుండ పోతది. లోతు గీత అడుగు అందేసరికి క్లియర్ కోట్ మిగలదు. ఇంకో మోసం ఏందంటే, కొంచెం మిగిలినా ఆ రోజుకు మెరుస్తనే ఉంటది. మన దిక్కు ఎండకాలం 45 డిగ్రీలు చూసినంక అక్కడ వెలిసి, పొరలు పొరలు లేస్తది.

గోరు జారే గీతలకు సన్న పాలిష్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, చెయ్యి చాలు. అంతకు ముందు అది గీతేనా చూసుకోవాలె. గేటుకో, పక్క బండికో రాసుకుంటే వాటి రంగు మన కారుకు అంటుకుంటది, అది తొందరగనే పోతది.

గోరు ఆగినవాటికి టచప్ పెయింటే. కారు మీద స్టిక్కర్‌ల కలర్ కోడ్ ఉంటది, తెలుపు తెలుపే కదా అని అందాజాగ కొంటే మచ్చ కొట్టొచ్చినట్టు కనబడతది. పలచగ ఒక పూత, ఆరినంక ఇంకో పూత. రేకు కనబడుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, వానకు తుప్పు పడుతది. బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు, దానికి ఆగమాగం కావొద్దు.

ఖరాబైతే ఇన్సూరెన్స్ ఉన్నది కదా అంటరు కొందరు. ఒక్క క్లెయిమ్‌తోని 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యకుంటే ప్రీమియంల ఇచ్చే తగ్గింపు) పోతది, లెక్క వేసుకోండ్రి.

ఇగ మిగిలినయి ఇనుండ్రి.

డ్రిల్లు మిషన్‌కు పాలిష్ చక్రం బిగించొద్దు. ఒక్క దగ్గర ఆగితే వేడికి పెయింట్ కాలుతది.

ఇంట్ల గోడలకు తెచ్చిన ఎమరీ పేపర్ కారు దగ్గరికి తేవొద్దు.

గిన్నెలు తోమే పీచు వద్దు.

డోరు అంచులు, బానెట్ మీద లేచిన మడతలు రుద్దొద్దు. అక్కడ పెయింట్ ఇంకా పలచన. మాస్కింగ్ టేప్ ఎయ్యుండ్రి.

కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల ఎనుక నడిచిన కారును పొడి గుడ్డతో తుడవొద్దు. ఆ దుమ్మే వాటర్ పేపర్ పని చేస్తది.

కింద పడ్డ గుడ్డ మళ్ల వాడొద్దు.

కొబ్బరి నూనె రాస్తే గీత పోయిందంటే నమ్మొద్దు. కప్పుకుంటదంతే, ఒక్కసారి కడిగితే మళ్ల కనబడతది.

మెరుపు లేని మ్యాట్ ఫినిష్ కారుకు పాలిష్ అసలే ముట్టియ్యొద్దు.

సగం పోయింది, ఇంకొంచెం రుద్దితే మొత్తం పోతది అనిపిస్తది. అనిపించినా సరే, గోరు ఆగిన గీతను రుద్దొద్దు.

మూసిన షెడ్డుల తిన్నర్ డబ్బా తెరవొద్దు. దాని ఆవిరికి దూరంనుంచే మంట అంటుకుంటది. దీపం, అగరుబత్తి, బీడీ ఏదీ దగ్గర ఉండొద్దు. పిల్లలను రానియ్యొద్దు.

రంగు గట్టిపడేటందుకు హార్డెనర్ కలిపిన స్ప్రే ఇంట్ల కొట్టొద్దు. బట్ట మాస్కు దాన్ని ఆపది, ఊపిరితిత్తులకు పడుతది. ఆస్తమా ఉన్నోళ్లు ఆ దిక్కే పోవద్దు.

పూజకు ఒక రోజు ముందు ఏ పనీ మొదలు పెట్టొద్దు. కొత్త టచప్ మీద పసుపు కుంకుమ పెట్టొద్దు, మరక దిగితే పోదు. బొట్లు అద్దం మీద పెట్టుండ్రి. బంతిపూల దండ దారంతోనే కట్టుండ్రి, ఇనుప తీగ బానెట్ మీద ఆడిందంటే ఇంకో గీత.