విషవాయువులు వాడినందుకు ఆంక్షలు: ఆ వార్తను ఎలా చదవాలి?

విషవాయువు లాంటి రసాయన ఆయుధాలు వాడినందుకు ఫలానా దేశం మీద ఆంక్షలు అని చదవగానే, ఇక ఆ దేశంతో ఎవరూ వ్యాపారం చేయరనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. దెబ్బ ఎవరి మీద పడిందో వార్త చివరిదాకా చదివితేగానీ తెలియదు.

ముందుగా, నేరాన్ని ఎవరు తేల్చారో చూడండి. 2018 మార్చి 4న ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో రష్యా మాజీ గూఢచారి సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు యూలియా విషప్రయోగానికి గురై స్పృహ తప్పి పడిపోయారు. వాడిన విషం గురించి బ్రిటన్ చెప్పింది సరైనదేనని హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ పరీక్షించి ధ్రువీకరించింది. అయితే ఆ పని రష్యాదేనని అన్నది ఆ సంస్థ కాదు, బ్రిటన్, దాని మిత్రదేశాలు. ఈ తేడాను పట్టుకోవాలి.

తర్వాత, ఏ చట్టం కింద వేశారు? రసాయన ఆయుధాల వాడకంపై సిరియా మీద ఆంక్షల తీర్మానాన్ని 2017 ఫిబ్రవరిలో భద్రతా మండలిలో రష్యా, చైనా వీటో చేశాయి. అలాంటప్పుడు దేశాలు తమ సొంత చట్టాలు వాడతాయి. రసాయన, జీవాయుధాలు వాడే దేశాల మీద అమెరికా 1991లో చేసిన చట్టం ప్రకారం మొదటి విడత ఆంక్షల తర్వాత మూడు నెలల్లో ఆ దేశం హామీ ఇచ్చి తనిఖీలకు ఒప్పుకోకపోతే రెండో విడత వేయాలి. స్క్రిపాల్ కేసులో మాత్రం రెండో విడతకు ఏడాది పట్టింది.

మూడోది జాబితా. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంటుంది. 2017 ఏప్రిల్‌లో సిరియాలోని ఖాన్ షేఖూన్ పట్టణంలో సారిన్ అనే విషవాయువుతో దాడి జరిగిన 20 రోజులకు, రసాయన ఆయుధాలు తయారుచేస్తోందని అమెరికా ఆరోపించిన సిరియా శాస్త్ర పరిశోధన కేంద్రంలోని 271 మంది ఉద్యోగుల పేర్లు అమెరికా జాబితాకెక్కాయి. విషం తయారుచేసే చేతుల్ని పట్టుకోవాలంటే ఇలా పేరుపేరునా పట్టుకోవాలి.

సరుకుల సంగతీ చూడండి. హ్యాండ్ శానిటైజర్ సీసా వెనక చిన్న అక్షరాల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని ఉంటుంది చూశారా? సారిన్ తయారీలోనూ అది కావాలి. అందుకే గాఢమైన సరుకును సిరియాకు పంపాలంటే యూరప్‌లో 2013 నుంచి లైసెన్స్ తప్పనిసరి చేశారు. లైసెన్స్ లేకుండా 168 టన్నులు పంపిన కేసులో 2019లో మూడు బెల్జియం కంపెనీలను ఆంట్‌వెర్ప్ కోర్టు దోషులుగా తేల్చింది.

మందులకు మినహాయింపు ఉందా అన్నది తప్పకుండా వెతకండి. 1990లో ఇరాక్ మీద పెట్టిన దిగ్బంధంలో కాగితం మీద మందులకు మినహాయింపు ఉంది, అయినా ఆస్పత్రుల్లో మందులు దొరకలేదు. మినహాయింపు ఉన్నా, ఎందుకొచ్చిన తలనొప్పి అని బ్యాంకులు డబ్బు పంపకుండా ఆపేస్తాయి. ఆ భయానికి మూల్యం చెల్లించేది రోగులే.

ఆఖరున, ఆంక్షలు ఎప్పుడు, ఎవరి మీద ఎత్తేస్తారో చూడండి. 2024 డిసెంబరులో సిరియా అధ్యక్షుడు బషర్ అసద్ పదవి పోయాక, 2025 జూన్ 30న సిరియా మీద ఆంక్షలను అమెరికా రద్దు చేసింది. అసద్ మీద, ఆయన అనుచరుల మీద, క్యాప్టగాన్ అనే మత్తు మాత్రల వ్యాపారుల మీద మాత్రం వాటిని అలాగే ఉంచింది.