మంచు కోర్ చదవడం – 5వ పాఠం: ఉప్పు, గంధకంతో సముద్రపు మంచు అంచనా

మంచు కోర్ అంటే హిమఫలకంలోకి డ్రిల్లు దించి తీసిన పొడవాటి మంచు స్తంభం. గత పాఠంలో అందులోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) శిఖరాలు పట్టుకుని వేసవి, చలికాలం విడదీశాం. ఆ ఏడాది గీతలు పట్టికలో పడ్డాకే ఇది మొదలుపెట్టండి. తేదీలు రెండేళ్లు అటూఇటూ అయితే ఇవాళ్టి లెక్కంతా వృథా. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలుడు వదిలిన సల్ఫేట్ శిఖరం దొరికితే గీతలు సరిచూసుకోవచ్చు.

మన ఉదాహరణ తూర్పు అంటార్కిటికాలో కేసీ స్థావరానికి దగ్గర్లోని లా డోమ్. అక్కడ ఏటా సుమారు 70 సెం.మీ. మంచుగడ్డకు సరిపడా హిమం పడుతుంది. అందుకే పొరలు విడివిడిగా కనిపిస్తాయి.

ముందు కోత. మైనస్ 20 డిగ్రీల గదిలో కోర్ పైపొరను అన్ని వైపులా చెక్కేసి, లోపలి ముక్కనే నమూనాగా తీసుకోవాలి. పైపొరకు డ్రిల్లు, చేతులు, సంచులు తగిలి ఉంటాయి. మనం కొలిచేది పీపీబీల్లో, అంటే వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలు. చెమట వేలు ఒక్కసారి తగిలినా సోడియం విలువ అమాంతం పెరిగిపోతుంది. ఏడాది పొరకు కనీసం 8–10 నమూనాలు రావాలి. లోతుకు పోయేకొద్దీ పొర పలచబడుతుంది కాబట్టి ముక్క మందం కూడా తగ్గించుకుంటూ పోవాలి.

నమూనాలను కరిగించి, నీటిలోని అయాన్లను విడదీసి కొలిచే అయాన్ క్రోమటోగ్రఫీలో సోడియం, సల్ఫేట్, మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం కొలుస్తాం. ఈ మూడోదాన్ని ఇకమీదట ఎంఎస్ఏ అందాం. దీని శిఖరం ఎసిటేట్, ఫార్మేట్ శిఖరాల పక్కనే వస్తుంది. ఆ రెండూ ప్రయోగశాల గాలిలోంచే నమూనాలోకి దిగుతాయి. శిఖరాలు విడిపోకపోతే ఎంఎస్ఏ ఎక్కువగా చూపిస్తుంది. ప్రతి విడతలోనూ శుద్ధజలంతో ఖాళీ నమూనా నడపడం మానకండి.

కోసిన ముక్కలను నెలల తరబడి దాచొద్దు. గడ్డకట్టి ఉన్నా కోసిన ముఖం నుంచి ఎంఎస్ఏ నెమ్మదిగా జారిపోతుంది. కొలిచే ముందే కోయడం మేలు.

ఇప్పుడు లెక్క. సముద్రపు నీటిలో బరువు ప్రకారం ఒక పాలు సోడియంకు 0.25 పాలు సల్ఫేట్ ఉంటుంది. కాబట్టి:

సముద్రపు ఉప్పుది కాని సల్ఫేట్ = మొత్తం సల్ఫేట్ − (0.25 × సోడియం)

వేసవి నమూనాలో సోడియం 120, సల్ఫేట్ 60 పీపీబీ అనుకోండి. 60 − 30 = 30. చలికాలపు నమూనాలో సోడియం 200, సల్ఫేట్ 30 అనుకుంటే 30 − 50 = −20. చాలామంది ఇక్కడ కంగారుపడి ఆ నమూనాను పారేస్తారు. పారేయకండి, అసలు సమాచారం అందులోనే ఉంది. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు మిగిలే చిక్కటి ఉప్పునీరు సుమారు మైనస్ 8 డిగ్రీల కిందికి చల్లబడితే సోడియం సల్ఫేట్ స్ఫటికాలుగా విడిపోతుంది. ఆ మంచు మీదినుంచి గాలి లేపుకొచ్చే ఉప్పులో సల్ఫేట్ కొరవడుతుంది, నిష్పత్తి 0.07 దాకా పడిపోతుంది. రుణసంఖ్య వచ్చిందంటే ఆ ఉప్పులో చాలా భాగం తెరిచిన సముద్రం నుంచి కాక, గడ్డకట్టిన మంచు మీదినుంచి వచ్చిందని అర్థం. అందుకే చలికాలంలో సోడియం పెరిగితే "మంచు తగ్గింది, అలలు ఎక్కువయ్యాయి" అని వెంటనే అనేయకూడదు. ఇంకో హెచ్చరిక: కొలతలు బరువులో కాక మోలార్లలో (అయాన్ల సంఖ్య లెక్కన) ఉంటే 0.25 పనికిరాదు, 0.06 వాడాలి. ఈక్వివలెంట్లలో (అయాన్ల ఆవేశం లెక్కన) అయితే 0.12.

ఎంఎస్ఏ దారి వేరు. వసంతంలో మంచు కరిగే అంచున సూక్ష్మ శైవలాలు విరివిగా పెరిగి డైమీథైల్ సల్ఫైడ్ వాయువు వదులుతాయి. అది గాలిలో ఎంఎస్ఏగా మారి హిమంతో దిగుతుంది. చలికాలంలో మంచు ఎంత దూరం పరుచుకుంటే, అంత ఎక్కువ మేర కరుగుతుంది, ఎంఎస్ఏ కూడా అంత ఎక్కువ వస్తుంది. లా డోమ్‌లో ఈ సంబంధాన్ని ఉపగ్రహ కొలతలతో పోల్చి, 1841 నుంచి ఉన్న ఎంఎస్ఏ వరుసకు అన్వయించారు. 1950 తర్వాత 80–140 తూర్పు రేఖాంశాల మధ్య మంచు విస్తీర్ణం దాదాపు 20 శాతం తగ్గిందని 2003లో ప్రచురించారు.

ఆ సూత్రాన్ని వేరే చోటికి ఎత్తుకెళ్లకండి. అంటార్కిటికాకే మరో పక్కనున్న వెడ్డెల్ సముద్రం చుట్టుపక్కల కోర్లలో సంబంధం తలకిందులైంది: మంచు ఎక్కువున్న ఏడాది ఎంఎస్ఏ తక్కువ. అక్కడ పెత్తనం గాలులది. తూర్పు అంటార్కిటికా లోపలి భాగంలో, హిమపాతం బాగా తక్కువుండే వోస్టాక్ లాంటి చోట ఎంఎస్ఏ తిరిగి గాలిలోకి పోతుంది. మంచుయుగంలో ధూళి ఆ ఆమ్లాన్ని పట్టి ఉంచింది కాబట్టి ఆనాటి ఎక్కువ విలువలు విస్తారమైన మంచుకు రుజువు కావు. లోతులో ఎంఎస్ఏ వేసవి పొర నుంచి చలికాలపు పొరకు జరుగుతుంది కూడా. అందుకే నెలవారీ కాకుండా ఏడాది సగటు, వీలైతే అనేక ఏళ్ల సగటు చూడండి. 1979 తర్వాతి ఉపగ్రహ లెక్కలతో మీ చోటును మీరే సరిచూసుకోండి.

సాధన, పీపీబీల్లో: క) సోడియం 80, సల్ఫేట్ 95. చ) సోడియం 210, సల్ఫేట్ 25. ట) సోడియం 150, సల్ఫేట్ 38. ఏది వేసవిది, ఏది మంచు మీది ఉప్పు, ఏది దాదాపు శుద్ధ సముద్రజలపు ఉప్పు? 0.25తోనూ, 0.07తోనూ రెండుసార్లు చేసి ఉంచుకోండి. 6వ పాఠం డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) మీద, జవాబులు అక్కడే.