బహుమతుల రోజుకు ముందు చూసుకోవాల్సినవి

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు. కాబట్టి సభ పొద్దున్నే పెట్టుకోండి. పది దాటితే షామియానా కింద కూడా పిల్లలు కూర్చోలేరు. కుండల్లో నీళ్లు ముందే నింపించండి.

– సర్టిఫికెట్‌లో పేరు, ఇంటిపేరు అడ్మిషన్ రిజిస్టర్ చూసి రాయండి. ఒకే క్లాసులో ఇద్దరు సాయికుమార్‌లుంటే మైకులో తండ్రి పేరు కూడా చదవాలి. లేకపోతే ఇద్దరూ లేచొస్తారు, ఒకడు మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి వెళ్తాడు.

– మంచి నడవడికకు ఇచ్చే బహుమతితోనే అసలు తంటా. ఊరికే 'క్రమశిక్షణ' అంటే అది నోరెత్తని పిల్లలకే పోతుంది. ఏం చేశారో రాయండి: 'మధ్యాహ్న భోజనం దగ్గర ఒకటో తరగతి పిల్లల్ని రోజూ వరసలో ముందు నిలబెట్టింది.' ఇలాంటివి టీచర్ల కంటే వంట చేసే అమ్మకు బాగా తెలుస్తాయి. ఆమెనూ అడగండి.

– తక్కువ మార్కులు మైకులో చదవొద్దు.

– స్టీలు గిన్నెల కంటే డిక్షనరీ, నోటుపుస్తకాలు నయం.

– ముఖ్య అతిథికి పది నిమిషాలే అని ముందే చెప్పండి (మైకు దొరికితే మనవాళ్ల సంగతి తెలిసిందే).

– అమ్మానాన్నలతో వలస వెళ్లిన పిల్లల బహుమతులు బీరువాలో ఉండిపోకుండా, వాటిని ఎవరు అందించాలో ముందే రాసుకోండి.