క్వయర్ పిల్లలకు తోడుగా సియాటిల్ నుంచి వాంకూవర్ వెళ్లడం ఎలా?

మీ అమ్మాయి పాడే స్కూల్ క్వయర్ (బృందగాన బృందం) కెనడాలో కచేరీకి వెళ్తోంది, షాపరోన్‌గా, అంటే పిల్లలను చూసుకునే పెద్దగా, రమ్మని మిమ్మల్ని అడిగారు. తప్పకుండా వెళ్లండి. సియాటిల్ నుంచి వాంకూవర్ దాదాపు 230 కిలోమీటర్లే. కానీ మధ్యలో దేశం మారుతుంది, అసలు పనంతా అక్కడే ఉంది.

టూర్ ఖాయమైన రోజే ఏ బిడ్డకు ఏ పాస్‌పోర్ట్ ఉందో రాసుకోండి. ఒకే వరుసలో నిలబడి పాడే పిల్లలకు కాగితాలు ఒకేలా ఉండవు. అమెరికా పౌరులైన పిల్లలు 19 ఏళ్లలోపువాళ్లై, స్కూల్ బృందంతో రోడ్డు దారిన తిరిగొస్తుంటే బర్త్ సర్టిఫికెట్ చాలు. అయినా పాస్‌పోర్ట్ ఉంటే మేలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు, కానీ 2022 నుంచి కార్డుతో పాటు సొంత దేశం పాస్‌పోర్ట్ ఉండాలి. హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న మన పిల్లలకు మాత్రం కెనడా వీసా కావాలి. 14 ఏళ్లు నిండితే వేలిముద్రలు కూడా ఇవ్వాలి. అందుకే వాళ్ల ఇళ్లకు ముందు ఫోన్ చేయండి, గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. నెలల తరబడి సాధన చేసిన బిడ్డ వీసా రాక ఆగిపోతే ఆ బాధ చూడలేం.

తర్వాత అనుమతి పత్రం. తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టి నోటరీ చేయిస్తే మంచిది. మందులు వాటి అసలు డబ్బాల్లోనే తీసుకోండి.

బస్సులు సరిహద్దులో పీస్ ఆర్చ్ గేటు వైపు కాకుండా పక్కనే ఉన్న పసిఫిక్ హైవే గేటు నుంచి వెళ్తాయి. అక్కడికి చేరకముందే పాస్‌పోర్టులను పేర్ల వరుసలో పెట్టుకోండి. అధికారి అడిగింది పిల్లలే చెప్పాలి, మీరు అందుకోవద్దు. పండ్లు, తినుబండారాలు ఏమున్నా దాచకుండా చెప్పండి.

ఇక గొంతులు. బస్సులో కేకలు వేస్తే సాయంత్రానికి సగం మంది గొంతు పోతుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగిస్తూ ఉండండి. రైజర్ల (స్టేజీ మీద వరుసలుగా నిలబడే మెట్లు) మీద మోకాళ్లు బిగించి ఎక్కువసేపు నిలబడితే కళ్లు తిరుగుతాయి, కాస్త వదులుగా ఉంచమని ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో ఎవరినీ స్టేజీ ఎక్కనివ్వకండి. మీ బ్యాగులో నాలుగైదు జతల నల్ల సాక్సులు ఉంచుకోండి, ఎవరో ఒకరు తెల్లవి తెచ్చుకుంటారు.

ఎక్కడ ఆగినా, బయలుదేరే ముందు తలలు లెక్కపెట్టండి. లెక్క సరిపోయినా పేర్లు పిలవండి, ఎందుకంటే పక్క స్కూల్ పిల్లాడు పొరపాటున మీ బస్సెక్కి ఉండొచ్చు.

తిరుగు రోజు హోటల్ గదుల్లో దిండ్ల కింద, మంచాల పక్కన వెతకండి. ఫోన్లు, పళ్ల రిటైనర్లు దొరుకుతాయి. పాస్‌పోర్టులు మళ్లీ లెక్క చూశాకే బస్సు కదలనివ్వండి.