‘ఏ దేశంలో ఎంతమంది లావు’ అనే లెక్కల్ని ఎలా చదవాలి

మొన్న హన్మకొండలో మా వదిన వాళ్ళింట్లో అందరం కూర్చున్నప్పుడు ఒకరు ఫోన్‌లో ప్రపంచ పటం చూపించారు. లావుగా ఉన్నవాళ్ళు ఎక్కువున్న దేశాలకు ఎర్ర రంగేశారు. “తిని కూర్చుంటే అంతే మరి” అని ఒకరు, “పైసలెక్కువైతే అట్లనే ఉంటది” అని ఇంకొకరు. రెండూ సగం సగం మాటలే, కానీ అది అక్కడ కూర్చుని రెండు ముక్కల్లో తేల్చేది కాదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పటమో పట్టికో మీ చేతికొస్తే ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో చెప్తాను.

ముందు కొలత ఏదో చూడండి. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తు మీటర్లతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే సరిగ్గా 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. 2022లో ప్రపంచంలో పెద్దవాళ్ళలో 43 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, ఊబకాయం ఉన్నవాళ్ళు 16 శాతం. ఎంత తేడా ఉందో చూడండి. మన శరీరాలకు ఈ 25 గీత కూడా సరిపోదు, 23 దాటితేనే జాగ్రత్త పడాలని అదే సంస్థ నిపుణులు ఆసియా వాళ్ళ గురించి 2004లో చెప్పారు. ఆ ఏడాదే పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21 శాతం. అందుకే భారతదేశం పక్కన చిన్న అంకె కనబడగానే సంబరపడకండి.

తర్వాత వయసు. ప్రపంచ లెక్కలు 18 దాటిన అందరివీ, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ లెక్క 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దేశం ధనికమైతే జనం లావవుతారనే మాటను పరీక్షించాలంటే రెండు ధనిక దేశాలు తీసుకోండి. అమెరికాలో పెద్దవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి ఊబకాయం, జపాన్‌లో 5 శాతం దగ్గర్లో. ఇద్దరి దగ్గరా పైసలున్నాయి. జపాన్‌లో బడి భోజనానికి 1954 నుంచే చట్టం ఉంది, పెద్ద నగరాల్లో ఆఫీసుకు పోవాలంటే రైలు స్టేషన్ దాకా నడవాలి. జనం రోజూ ఏం తింటారు, ఎంత నడుస్తారు అనేది ఆదాయం అంకెలో కనబడదు, దాన్ని విడిగా వెతకాలి.

పసిఫిక్ దీవులైన టోంగా, నౌరూ, సమోవాలు ఈ పట్టికల్లో పైవరుసలో ఉంటాయి, అక్కడ అమెరికా కంటే చాలా ఎక్కువ. అవి అమెరికా అంత ధనిక దేశాలు కావు. నౌరూలో ఎరువులకు వాడే ఫాస్ఫేట్ కోసం నేల చాలావరకు తవ్వేశారు, సాగుకు భూమి పెద్దగా మిగల్లేదు, తిండి ఎక్కువగా ఓడల్లో వచ్చిందే. టోంగాకు న్యూజిలాండ్ నుంచి గొర్రె పొట్టభాగం మాంసం వచ్చేది, సగానికి సగం కొవ్వే, పంపేవాళ్ళు తమ ఇళ్ళల్లో పెద్దగా తినరు. ఫిజీ 2000లో దాని అమ్మకాన్ని నిషేధించింది. సమోవా 2007లో టర్కీ కోడి తోకల దిగుమతి ఆపేస్తే, ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. నాకైతే ఇది చదివినప్పుడు చాలా కోపమొచ్చింది. అంత జరిగాక ఆ దీవుల వాళ్ళకు నోరు కట్టుకోవడం రాదనడం అన్యాయం. కాబట్టి ఏ దేశం పక్కన పెద్ద అంకె కనబడినా, అక్కడ చవగ్గా దొరికే తిండి ఏది, అది ఎవరు పంపుతున్నారు అని అడగండి.

అసలు ప్రశ్న ఇంకా ముందుంది. ఆ దేశంలో లావైంది ఎవరు? మా తాత కాలంలో పొట్ట ఉన్నాడంటే దొరో షావుకారో అయ్యుండేవాడు, జొన్న గట్క తాగి పొలానికి పోయేవాడికి పొట్ట ఎక్కడిది. “ఒళ్ళు చేశావు” అంటే మెచ్చుకోలే. సోబాల్, స్టన్‌కార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో 144 అధ్యయనాలు ముందేసుకుని ఇదే చూశారు: పేద దేశాల్లో కలిగినవాళ్ళు లావు, ధనిక దేశాల్లోనేమో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, పేదవాళ్ళు లావు. 2004లో బ్రెజిల్ పరిశోధకుడు మాంటెరో బృందం ఇంకో మెట్టెక్కింది. దేశం ఆదాయం పెరిగేకొద్దీ ఈ బరువు కలిగినవాళ్ళ నుంచి పేదవాళ్ళ మీదికి జారుతుందని, ఆడవాళ్ళ మీదికి ముందుగా జారుతుందని చెప్పింది. అంటే రెండు దేశాల అంకె ఒకటే ఉన్నా కథ పూర్తిగా తిరగబడి ఉండొచ్చు.

మనం ఎక్కడున్నాం? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పట్నాల్లో ఆడవాళ్ళలో మూడో వంతు, పల్లెల్లో ఐదో వంతు అధిక బరువు. తెలంగాణలో ఆడవాళ్ళు 30 శాతం, మగవాళ్ళు 32 శాతం. అదే తెలంగాణలో దాదాపు 19 శాతం ఆడవాళ్ళు ఉండాల్సినదానికంటే సన్నగా ఉన్నారు. ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ.

కోరుట్ల దగ్గర మా చిన్నమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, అందులో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర, దారం. పొద్దున అన్నం తిని కూర్చుంటే చీకటిపడే దాకా లేవదు, వెయ్యి పూర్తి కావాలంటే లేస్తే కుదరదు. ఇంట్లో డబ్బు లేదు, పత్తి ఏరే కూలీకున్న నడకా లేదు. తినేది రేషన్ బియ్యం అన్నం, పచ్చిపులుసు, సాయంత్రం చాయ్‌లో బిస్కెట్లు. ఒక శిబిరంలో తూకమేస్తే 71 కిలోలు, ఎత్తు 150 సెంటీమీటర్లు, బీఎంఐ 31 దాటింది. డాక్టరు రోజూ నడవమని చెప్పి పంపించేశాడు. “నేను నడిస్తే బీడీలెవరు చేస్తరు బిడ్డా?” అంది నాతో. నా దగ్గర జవాబు లేదు. ‘పేద, పల్లె, పని చేసే మహిళ’ అనగానే మనం సన్నటి మనిషిని ఊహించుకుంటాం, పట్టికలు చదివేటప్పుడు ఈ ఊహే మోసం చేస్తుంది. పనుందా లేదా అని కాకుండా, ఆ పని కూర్చుని చేసేదా నిలబడి చేసేదా అని చూడాలి.

ఒక ఉచ్చు గురించి తప్పకుండా చెప్పాలి, చదువుకున్నవాళ్ళు కూడా పడతారు. దేశాల మధ్య కనబడింది మనుషుల మధ్య కూడా నిజమేననుకోవడం. 1950లో రాబిన్సన్ అనే ఆయన అమెరికా జనాభా లెక్కలతో చూపించాడు: వలస వచ్చినవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువ, కానీ వలస వచ్చినవాళ్ళను విడిగా చూస్తే వాళ్ళకే చదువు తక్కువ. చదువుకున్నవాళ్ళున్న రాష్ట్రాలకు వాళ్ళు పోయి స్థిరపడ్డారు, అంతే. మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకు గల్ఫ్‌తో చెప్తే ఇంకా సులువు. కువైట్ ఈ పట్టికల్లో పైనే ఉంటుంది. అక్కడి జనాభాలో ఎక్కువమంది మనలాంటి బయటివాళ్ళే, అయినా కొన్ని సర్వేలు పౌరులనే కొలుస్తాయి. ఎండలో సెంట్రింగ్ పని చేసి క్యాంపుకు తిరిగొచ్చే మన పిల్లగాడి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

ఇదంతా మీ జిల్లాకు చేసి చూడాలంటే కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా షీట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ 2019–21 సర్వే తెలంగాణలో 2019లో, జిల్లాల పేర్లు మారకముందే జరిగింది కాబట్టి ‘హన్మకొండ’ అని వెతికితే రాదు, ‘వరంగల్ అర్బన్’, ‘వరంగల్ రూరల్’ అని వెతకండి. తర్వాత మీ వాడలోనే ఒక పది ఇళ్ళు తీసుకోండి. బరువు, ఎత్తు, నడుము చుట్టుకొలత రాసుకోండి, మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు మన దేశంలో వాడే గీతలు. అడిగేటప్పుడు నలుగురి ముందు తూకమెయ్యకండి, లోపలికి తీసుకెళ్ళి కొలిచి, ఆ అంకె ముందు వాళ్ళకే చెప్పండి. నోట్‌బుక్‌లో ఆదాయం పక్కన ఇంకో రెండు గళ్ళు గీసుకోండి: రోజుకు ఎన్ని గంటలు కూర్చుని పని, పప్పు, కూరగాయలు వారంలో ఎన్ని రోజులు. మా వాడలో నేను రాసుకున్నప్పుడు, ఆదాయం గడి కంటే ఈ రెండు గళ్ళ దగ్గరే అందరూ ఎక్కువసేపు మాట్లాడారు.